పడకగదిలో గోధుమ బీరు

మొన్న మనవడికి పాలల్లో కలపడానికి మా అమ్మాయి కొత్త మాల్ట్ పొడి డబ్బా మూత తీసింది. వేయించిన గోధుమల వాసన, దానికి తోడు ముదురు బెల్లప్పాకం వాసన కలిసి వంటింట్లోంచి హాల్లోకి వచ్చాయి. వాడేమో గ్లాసు పట్టుకుని గంతులేస్తున్నాడు, నేనేమో లేచి వీధి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. అరవైకి దగ్గర పడుతున్న మనిషి పసిపిల్లల డబ్బాకి భయపడటమేమిటని ఎవరైనా నవ్వొచ్చు. నవ్వండి, ఫరవాలేదు. తొమ్మిదేళ్ళ వయసులో ఆ వాసనతో నేను వారం రోజులు కాపురం చేశాను.

డెబ్భైల చివర్లో నాన్న ఒక కట్టడాల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా మస్కట్ వెళ్ళారు. ఏడాది తిరిగాక అమ్మా నేనూ కాకినాడ నుంచి వెళ్ళి చేరాం. ఆ ఊళ్ళోని దార్సైట్ పేటలో వెనక నల్లటి రాతి కొండ, ముందు మట్టి రోడ్డు, మధ్యలో మా రెండు గదుల ఇల్లు. వేసవిలో కుళాయి తిప్పితే ఎవరో కాచి పెట్టినట్టు వేణ్ణీళ్ళు వచ్చేవి, అమ్మ డాబా మీద ఆరబోసిన మాగాయ ముక్కలు ఒక్క పూటలో గలగలలాడేవి, మధ్యాహ్నం గాలి సముద్రం మీంచి ఎండుచేపల కంపు మోసుకొస్తే సాయంత్రానికి పక్కిళ్ళలో వేసిన సాంబ్రాణి పొగ దాన్ని తరిమేసేది. ఇంటి యజమానిని పిల్లలమంతా బాబా సాలిం అనేవాళ్ళం. చిన్నతనంలో పడవల మీద బొంబాయికి ఖర్జూరం తీసుకెళుతూ నేర్చుకున్న హిందీ ఆయనది. శుక్రవారం నమాజయ్యాక వచ్చి, ముందుగదిలో చాప మీద కూర్చుని, అమ్మ చేసిన యాలకుల టీ తాగుతూ, మా ఊరి తుఫాన్ల గురించి నాన్నని మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకునేవారు. ఆ ఊళ్ళో మాకు చుట్టమంటూ ఎవరైనా ఉంటే ఆయనే.

నాన్న ఆఫీసులో ఒక ఇంగ్లీషు దొర ఉద్యోగం ముగించుకుని పోతూ పోతూ, గోధుమ మాల్ట్ పాకం డబ్బా, పులియబెట్టే ఈస్టు పొట్లం, వాటితో బీరు తయారుచేసే విధానం రాసిన కాగితం నాన్న చేతిలో పెట్టాడు. మందుకి పర్మిట్ ఆ దొరకుండేది, మాకు లేదు. ఇంట్లో కాయడం ఎవరికైనా నేరమే. నిజానికి నాన్నకి తాగుడు అలవాటే లేదు, కాగితం మీద ఉన్నది ఏదైనా సరే కట్టి చూడాలన్న పిచ్చి తప్ప. పులిహోర కలిపే పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి, చింతపండు గుజ్జులా చిక్కగా ఉన్న ఆ నల్లటి పాకాన్ని కరిగించి, పంచదార వేసి, చల్లారాక బక్కెట్లో పోసి, పైన ఈస్టు చల్లి మూత పెట్టారు. చల్లటి చోట ఉంచాలని కాగితంలో ఉంది. ఇంట్లో ఏసీ ఒక్క పడకగదిలోనే ఉండేది కాబట్టి ఆ బక్కెట్టుని తెచ్చి నా మంచం పక్కన పెట్టారు.

తర్వాత నా ముందు గొంతుక్కూర్చుని, "వాసనేంటని ఎవరన్నా అడిగితే ఇడ్లీ పిండి పులుస్తోందని చెప్పమ్మా. ఇంకో మాట మాట్టాడకు" అన్నారు.

ఆయన నవ్వుతూనే చెప్పారు. కానీ ఆ వారమే అమ్మ స్నేహితురాలొకావిడ మా వంటింట్లో కూర్చుని, ఖర్జూరంతో సారా కాచిన వంటవాణ్ణెవణ్ణో కట్టుబట్టలతో విమానం ఎక్కించారని చెప్పగా విన్నాను. అక్కణ్ణుంచి నాకు అన్నం సయించలేదు. బక్కెట్టు మూత కింద బుసబుసమని శబ్దం వస్తుంటే రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ వినపడుతోందనిపించేది. పోలీసు జీపు కనపడితే చాలు, పరుగెత్తి వెళ్ళి మూత మీద నా దిండు అదిమి పట్టేదాన్ని. ఇడ్లీలు తినడమే మానేశాను.

నురగ పూర్తిగా ఆగి, బుడగలు కూడా రావడం మానేదాకా సీసాల్లో పోయకూడదని ఆ కాగితంలో ఉంది. నాలుగో రోజుకి పైనున్న నురగ కిందికి దిగింది. నాన్న తటపటాయిస్తూ అమ్మని పిలిచారు. అప్పటిదాకా ఆ బక్కెట్టు వైపు కన్నెత్తి చూడని అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తొంగిచూసి, "పొంగు దిగిపోయిందండీ. ఇంకా ఉంచితే పుల్లగా అయిపోద్ది" అంది. పిండి విషయంలో అమ్మ మాట ఎన్నడూ తప్పలేదు. నాన్న కాగితం మడిచి జేబులో పెట్టేశారు. షర్బత్ సీసాలు కడిగి, ఒక్కోదానిలో చెంచా పంచదార వేసి, బీరు నింపి, బిరడాలు బిగించి, అమ్మ పూలదారంతో గట్టిగా కట్టి నా మంచం కిందకి తోశారు. అది ఇంకా పులుస్తూనే ఉందని, మూసిన సీసాలో ఆ పొంగుకి దారి లేదని మాలో ఎవరికీ తెలియదు.

ఆ శుక్రవారం పొద్దుటి నుంచి కరెంటు లేదు. ఏసీ ఆగిపోయి పడకగది కుంపటిలా ఉంది. మధ్యాహ్నం బాబా సాలిం ఈతాకుల బుట్టలో ఆ ఏటి తొలి ఖర్జూరాలు తీసుకుని వచ్చారు. నేను పడకగది తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడ్డాను. ఆయన టీ గ్లాసు అందుకున్నారో లేదో లోపల మొదటి సీసా పేలింది. గాజు ముక్కలు నేల మీద గలగలమని పడ్డాయి. నాన్న లేవబోయి ఆగిపోయారు. బాబా సాలిం నా వైపు తిరిగి ఏమిటమ్మా అదని అడిగారు. ఇడ్లీ పిండి, అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే రెండోది పేలింది. తలుపు కిందినుంచి నురగ పాకి వచ్చి నా మడమలు తడిపింది. వాసన గదంతా కమ్ముకుంది.

ఆయన గ్లాసు కింద పెట్టారు. నన్ను దగ్గరికి పిలిచి రెండు పళ్ళు నా చేతిలో పెడితే, అవి పట్టుకుని మళ్ళీ వెళ్ళి తలుపుకి అడ్డం నిలబడ్డాను. అప్పుడు నాన్నతో నెమ్మదిగా తన హిందీలో, "నీ ఇంట్లో నువ్వేం చేసుకుంటావో నేనడగను. పిల్లచేత అబద్ధం చెప్పించకు" అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

మిగిలిన సీసాలని నాన్న తువ్వాలు చుట్టిన చేతులతో ఒక్కొక్కటే తీసి స్నానాలగదిలో పారబోశారు. ఒకటి పేలి మోచేతి దగ్గర లోతుగా తెగింది. దొంగకి తేలు కుట్టినట్టు, ఆసుపత్రికి వెళ్ళే దారి లేదు. అమ్మ పసుపు అద్ది కట్టు కడుతూ, పొంగు దిగిందన్నది నేనే కదండీ అని ఏడ్చింది. పాస్‌పోర్టులు, నా బడి కాగితాలు ఒక సంచిలో సర్ది తలుపు దగ్గర పెట్టింది. నేను మాత్రం తప్పంతా నాదేననుకున్నాను. ఆ అబద్ధం ఇంకాస్త గట్టిగా చెప్పి ఉంటే ఆయన నమ్మేవారనీ, నాన్నని పట్టుకుపోతే అది నా వల్లేననీ. ఆ నెలంతా వీధిలో ఏ కారు ఆగినా వెళ్ళి ఆ సంచి పక్కన నిలబడేదాన్ని.

ఎవరూ రాలేదు. బాబా సాలిం ఎవరికీ చెప్పలేదు. మరుసటి శుక్రవారం ఆయన మామూలుగానే వచ్చి, గుమ్మం బయటే నిలబడి, ఖర్జూరాల బుట్ట నా చేతికిచ్చి తల నిమిరారు. నాన్న లోపలికి రమ్మంటే గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఇంకోసారి వస్తానన్నారు. ఆ తర్వాత మేమక్కడున్న రెండేళ్ళలో ఆ ఇంకోసారి రాలేదు.

కోపమనుకున్నాం. ఇప్పుడాలోచిస్తే కోపం కాదేమో అనిపిస్తుంది. తను లోపలికొస్తే ఆ పిల్ల మళ్ళీ తలుపుకి అడ్డం నిలబడాలేమోనని ఆయన రాలేదు. ఆ వీధి ఇప్పుడు లేదు, ఇల్లు పోయి పెద్ద రోడ్డు పడిందట. బాబా సాలిం లేరు, అమ్మా నాన్నా లేరు. ఆ శుక్రవారం తర్వాత మా ఇంట్లో దాచవలసిందేదీ లేదు. ఆ ఒక్క మాట గుమ్మం దాకా వెళ్ళి ఆయనతో చెప్పే ధైర్యం మా ముగ్గురిలో ఒక్కరికీ లేకపోయింది.