పాస్‌పోర్టులో అక్క

2024 సెప్టెంబరు. వీసా గడువు దాటి ఉండిపోయినవాళ్లు జరిమానా, నిషేధం లేకుండా ఇంటికి పోవచ్చని యూఏఈ ప్రభుత్వం ఆమ్నెస్టీ మొదలుపెట్టిన నెల. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో, లేబర్ క్యాంపుల వెనక నేను పనిచేసే టైపింగ్ సెంటర్ ముందు పొద్దున్నే చెప్పులు వరసకట్టేవి. చెప్పులు లైన్లో, మనుషులు గోడనీడలో.

టైపింగ్ సెంటర్ అంటే సర్కారుకు పెట్టే దరఖాస్తులు పద్ధతి ప్రకారం అరబ్బీలో కొట్టి ఇచ్చే కొట్టు. నేను వకీలును కాను. ఏడో తరగతిలో బడి మానేసి, జగిత్యాల దగ్గరి ఊరి నుంచి సిమెంటు మోయడానికి వచ్చినవాణ్ణి. ఒక సూడాన్ గుమాస్తా పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను, పాత దరఖాస్తులు చదివి చట్టం నేర్చుకున్నాను. చేతిలో సర్టిఫికెట్ లేదు గానీ కోపం మాత్రం దండిగా ఉంది. ఊళ్లో ఏజెంటు చేసిన మోసానికి ఇక్కడ ఆడమనిషి ‘ఇల్లీగల్’ అనే పేరు మోయడం ముప్పై ఏళ్లయినా నాకు మింగుడుపడలేదు. అయితే ఈ కేసులో కోపం నా మీద నాకే.

ఆమె ఇంటర్నేషనల్ సిటీ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. కోనసీమ మనిషి. పదకొండేళ్ల కింద కల్బాలో ఒక ఇంట్లో పనికి కుదిరి, కొట్టుడు పడలేక రెండో ఏడే బయటపడింది. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలోనే ఉండిపోయింది. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. అతను పారిపోయిందని కేసు పెట్టాడు. దాన్ని ఇక్కడ అబ్‌స్కాండింగ్ అంటారు. అప్పటి నుంచీ ఆమె ఇళ్లలో పాచిపని చేస్తూ, పోలీసు బండి కనబడితే సందు మారుతూ బతికింది. ఆమె దగ్గర మిగిలింది ఎనిమిది మడతల పాస్‌పోర్టు జిరాక్స్ ఒక్కటే. దాని మీద పేరు వరలక్ష్మి.

ఎందుకు పోవాలనుకుంటున్నావని అడిగాను. కూతురికి పదమూడేళ్లట. పెంచిన పెద్దమ్మ చనిపోయాక పిల్ల ప్రభుత్వ హాస్టల్లో ఉంది. సెలవులకు హాస్టల్ మూసినప్పుడల్లా ఎవరి ఇంటికి పోవాలో ఆ పిల్లకు తెలియదు.

కీబోర్డు మీద చెయ్యి పెట్టాను. అప్పుడు అడిగింది.

“బాబాయ్ గారూ, కాగితంలో ఉన్న పేరే రాయాలాండి?”

నేను తల ఎత్తలేదు. బయట ఇంకా నలభై జతల చెప్పులున్నాయి. “కాగితంల ఏముంటె అదే రాయాలె బిడ్డా. కథలు వద్దు. యల్లా, జల్ది తండ్రి పేరు చెప్పు.”

ఆమె తండ్రి పేరు చెప్పింది.

పాస్‌పోర్టు లేనివాళ్లకు మన కాన్సులేట్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. ఒక్కసారి ఇంటికి చేరడానికి పనికొచ్చే కాగితం. మనవాళ్లు ఔట్‌పాస్ అంటారు. అది ఇచ్చే ముందు ఊరి నుంచి విచారణ తెప్పిస్తారు. మాకు జవాబు అక్టోబరు ఆఖరు వారంలో వచ్చింది. కాన్సులేట్ కౌంటర్లోని కుర్రవాడు మర్యాదస్తుడు. స్క్రీను నా వైపు తిప్పి, గొంతు తగ్గించి హిందీలో అన్నాడు: “చాచా, యే తో మర్ చుకీ హై.”

వరలక్ష్మి చనిపోయి మూడేళ్లయిందట. పంచాయతీ మరణ ధ్రువపత్రం కూడా జతచేసి పంపింది. ఆ వరలక్ష్మి నా పక్కనే హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

బయటికి తీసుకొచ్చి అరిచాను. నన్ను బద్నాం చేస్తవా అన్నాను. ఆమె బస్ స్టాప్ బెంచీ మీద కూర్చుని, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

ముప్పై నిండని ఆడవాళ్లను ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వ నిబంధన. ఆమెకు అప్పుడు ఇరవై రెండు. రావలసింది ఆమె అక్క వరలక్ష్మి. వీసా వచ్చాక అక్కకు కడుపులో గడ్డ అని తేలింది. ఏజెంటు వీసా వదులుకోలేదు. ఇద్దరి ముఖాలూ ఒకటే అచ్చు, తల వంచుకుని నడిచిపో అన్నాడు. చెల్లెలు అక్క పాస్‌పోర్టు మీద విమానం ఎక్కింది, అక్క చెల్లెలి బిడ్డను ఎత్తుకుంది. ఇక్కడ తీసుకున్న వేలిముద్రలు, కంటిపాప స్కాన్, అన్నీ వరలక్ష్మి పేరు మీదే. రూములో, పనిచేసే ఇళ్లల్లో, అందరికీ ఆమె వరలక్ష్మే.

“మరి అక్క పోయిన్నాడు రూమోళ్లకు ఏం చెప్పినవ్?”

“చెల్లెలు పోయిందన్నానండి. పేరేంటన్నారు. నాగమణి అన్నాను. అందరూ చేతులు పట్టుకుని ప్రార్థన చేశారండి, నాగమణి ఆత్మకు శాంతి కలగాలని. నేనూ కళ్లు మూసుకున్నాను.” తర్వాత అంది, “నాగమణి నేనేనండి.”

ఆ మాట మొదటిరోజే చెప్పబోయింది. చెప్పనివ్వనిది నేను.

అక్టోబరుతో ముగియవలసిన ఆమ్నెస్టీ గడువు రెండు నెలలు పొడిగించారు కాబట్టి బతికిపోయాం. నా తెలివి అందులో ఏమీ లేదు. దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి కొట్టాను, ఈసారి జరిగింది జరిగినట్టు. దొంగ పాస్‌పోర్టు అని ఒప్పుకుంటే జైల్లో పెడతారేమోనని ఆమె భయం. పెట్టరని నేను హామీ ఇవ్వలేదు. తెలియదు కాబట్టి తెలియదనే చెప్పాను. సంతకం పెట్టే ముందు ఆమె పెన్ను చాలాసేపు పట్టుకుని కూర్చుంది. తర్వాత తెలుగులో, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు, నాగమణి అని రాసింది.

నాగమణి ఉన్నదని రుజువు కావాలి. హాస్టల్ వార్డెన్‌కు ఫోన్ చేశాను. ఆవిడ నన్ను మూడుసార్లు తిట్టి, నాలుగోసారి పిల్ల అడ్మిషన్ ఫారం ఫోటో పంపింది. తల్లి పేరు నాగమణి. పక్కన నాగమణి పాత ఫోటో, చంకలో బిడ్డ. నాగమణి చదివిన ఊరి బడి రిజిస్టరు కాపీ కూడా వచ్చింది. వరలక్ష్మి పాస్‌పోర్టు మీద వచ్చింది నాగమణేనని లెటర్ రాసి, కాన్సులేట్ ఔట్‌పాస్ ఇచ్చింది. ఇమిగ్రేషన్‌లో వేలిముద్రలు సరిపోయాయి. డిసెంబరు మూడో వారంలో ఎగ్జిట్ పర్మిట్, అంటే దేశం విడిచే అనుమతి చేతికొచ్చింది.

ఎయిర్‌పోర్టుకు ఆమె వెంట ఎవరూ రాలేదు. రూమువాళ్లకు చెబితే వరలక్ష్మికి వీడ్కోలు ఇస్తారు, అది వద్దంది. నేను గేటు దాకా పోయాను. పేరు పెట్టి పిలవమంది. పిలిచాను. తల ఊపి లోపలికి వెళ్లింది.

ఇరవై ఏళ్లుగా నేను కాగితాలను చదివాను, ఎదురుగా కూర్చున్న మనిషిని చదవలేదు. చట్టం తెలుసన్న గర్వం ఒకటి దానికి తోడు. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు కీబోర్డు పక్కకు జరిపి, కుర్చీ వాళ్ల వైపు తిప్పి అడుగుతాను: “ఇంటికాడ నిన్ను ఏమని పిలుస్తరు?”

చాలామంది నవ్వి వెంటనే చెప్పేస్తారు. కొందరు మాత్రం చెప్పడానికి కాస్త సమయం తీసుకుంటారు. లైన్లో ఎన్ని చెప్పులున్నా సరే, వాళ్ల కోసం ఆగుతాను.