సూర్యుడికి ఎదురుగా మూడు మునకలు

నా ఎడమ మణికట్టు మీద నెలవంకలా ఒక మచ్చ ఉంది. నారాయణగూడ మార్కెట్లో కూరగాయల సంచి అందుకునేటప్పుడు అది పైకి కనిపిస్తుంది. ఎవరైనా అడిగితే కుక్క కరిచిందని చెప్తాను. పక్కన మా అత్తమ్మ ఉంటే మాత్రం అలా చెప్పడం కుదరదు. కరిచింది ఆవిడే.

మా ఇల్లు చిక్కడపల్లిలో, లైబ్రరీకి దగ్గర్లో ఉన్న ఒక సందులో. కింద మేముంటాం. పైన, అశోక్ నగర్ హాస్టళ్లలో చోటు దొరకని ఆడపిల్లలు కిరాయికి ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తమ్మకూ నాకూ మొదలైన గొడవ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. పచ్చిపులుసులో బెల్లం వెయ్యాలా వద్దా అన్న దగ్గర మొదలై, ఆవిడ పుట్టింటినీ నా పుట్టింటినీ చుట్టబెట్టి వస్తుంది. ఒకసారి నేను విసిరిన అప్పడాల కర్రకు గోడ అద్దం పగిలింది. ఆవిడ నా మీదికి విసిరిన చెంబు సొట్టపడింది, ఇప్పటికీ దానితోనే నీళ్లు తాగుతాం. మా గొంతులు లేచినప్పుడల్లా పైన పిల్లలు నేల మీద తడతారు.

"ఆంటీ, జర మెల్లగ కొట్లాడున్రి, ప్రిలిమ్స్ దగ్గరున్నయ్" అని కిటికీలోంచి ఒక గొంతు వస్తుంది. మేము కాసేపు గొంతు తగ్గించి తిట్టుకుంటాం.

మధ్యలో నలిగింది మా ఆయన. ఆయన ఆఫీసులో ఒకతనికి పడమటి సముద్రం ఒడ్డున చుట్టాల ఇల్లుంది. ఖాళీగానే ఉంటోంది, వెళ్లి ఉండమన్నాడట. ఆ ఇంటి వెనక మెట్లు దిగితే చిన్న ఇసుక తీరం, రెండు పక్కలా నల్లటి బండలు, ఆ ఇంట్లో దిగినవాళ్లు తప్ప ఇంకెవరూ రారు అని మా ఆయన వర్ణించి వర్ణించి చెప్పాడు.

"నాకు సప్పుడు లేని జాగ కావాలె. మీరిద్దరు వస్తె రాన్రి, రాకుంటె నేనొక్కన్నే పోత" అన్నాడు చివరికి.

మా పిల్లలిద్దరికీ కాలేజీ ఉంది. వాళ్లను ఇంట్లో వదిలి మేము ముగ్గురమే రైలెక్కాం. చోటు ఆయన చెప్పినట్టే ఉంది. జీడిమామిడి చెట్ల మధ్య నుంచి మెట్లు దిగితే ఒక పెద్ద హాలంత ఇసుక, దాని ముందు కదలకుండా పడుకున్నట్టున్న నీళ్లు. కనుచూపు మేరలో మనిషి లేడు. వచ్చిన సాయంత్రమే టీలో చక్కెర గురించి మేమిద్దరం మొదలుపెట్టాం. నేల తట్టేవాళ్లు లేరు, కిటికీలోంచి తొంగి చూసేవాళ్లు లేరు. మా గొడవ మాకే వినిపించి, విసుగొచ్చి మానేశాం. అత్తమ్మకు అది నచ్చలేదు.

"గిదేం ఊరు, సచ్చినా అడిగేటోడు లేడు" అంది.

తెల్లారి స్నానం చెయ్యాలని పట్టుబట్టింది. సముద్రంలో అన్ని నదులూ ఉంటాయి కాబట్టి ఒక్క స్నానం చేస్తే అన్ని పుష్కరాలూ చేసినట్టేనని ఆవిడ లెక్క. పసుపు, కుంకుమ, నాలుగు పూలు పట్నం నుంచే పొట్లం కట్టి తెచ్చుకుంది. మా ఆయన టీ కాచే పనిలో ఉంటే మేమిద్దరం ముందు దిగాం. నీళ్లు నడుము దాకా వచ్చేంత వరకు నడిచాం. అల లేదు, నురుగు లేదు. మా సంపులో నీళ్లు కూడా అంతకంటే ఎక్కువ కదులుతాయి.

మాది నదులూ చెరువులూ తెలిసిన జాతి. గోదావరికి ఎన్నిసార్లు పోయినా మాకు తెలిసిన పద్ధతి ఒకటే. ఇంట్లో ఒకరి చెయ్యి పట్టుకుని, సూర్యుడికి ఎదురుగా నిలబడి, ముక్కు మూసుకుని మూడు మునకలు వెయ్యాలి. తర్వాత దోసిట్లో నీళ్లు తీసి సూర్యుడికి వదలాలి. ఆ తీరంలో పొద్దు పొడిచేది నీళ్లలోంచి కాదు, మా వెనకున్న కొండ మీంచి. అత్తమ్మ సూర్యుణ్ని వెతుక్కుని కొండ వైపు తిరిగింది. నేనూ తిరిగాను. సముద్రానికి వీపు పెట్టి, కళ్లు మూసుకుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డాం. గోదావరి ఎప్పుడూ వెనక నుంచి వచ్చి కొట్టలేదు. నీళ్లు అలాంటి పని చేస్తాయని మా ఇద్దరికీ తోచలేదు.

రెండు మునకలయ్యాయి. మూడోది వెయ్యబోతుంటే మోకాళ్ల దగ్గర నీళ్లు వెనక్కి గుంజినట్టయింది. కాళ్ల కింద ఇసుక జారిపోయింది. నేను తిరిగి చూసేలోపే అల వీపు మీద పడింది. సిమెంటు బస్తా పడితే ఎట్లుంటుందో అట్లుంది. నా ముఖం నేలను తాకింది. నోటినిండా ఇసుక. ముక్కులోంచి ఉప్పు నీళ్లు మెదడులోకి ఎక్కినట్టు మంట. మోకాలు బండకు కొట్టుకుంది. లేచి దగ్గుకుంటూ చూస్తే నా చేతిలో అత్తమ్మ చెయ్యి లేదు.

నాకంటే లోపలికి ఉంది. చీర విప్పుకుపోయి కాళ్లకు చుట్టుకుంది. లేవబోతే పడుతోంది, పడితే నీళ్లు ఇంకొంచెం లోపలికి గుంజుకుపోతున్నాయి. నేను అరిచాను. చిక్కడపల్లిలో నేను తుమ్మినా నాలుగిళ్లకు వినిపిస్తుంది. అక్కడ నా అరుపు బండలకు తగిలి నాకే తిరిగొచ్చింది.

పరుగెత్తి అందింది పట్టుకున్నాను. అందింది ఆవిడ కొప్పు. అది విడిపోయి జుట్టంతా చేతిలోకి వచ్చింది. దాన్నే పిడికిలికి చుట్టుకుని గుంజాను. ఇంతలో ఇంకో అల మా ఇద్దరినీ ఎత్తి బండ వైపు విసిరింది. నా భుజం గీరుకుపోయింది. అత్తమ్మ నుదురు పగిలి నీళ్లు ఎర్రబడ్డాయి. నేను జుట్టు వదల్లేదు. ఎడమ చేత్తో ఆవిడ రెక్క పట్టుకోబోతే, ఆవిడ నా చెయ్యి అందుకుని మణికట్టు మీద పళ్లు దించింది. ఊరికే కాదు. ఎముక దాకా దించి, వదలకుండా పట్టుకుని, నా కళ్లలోకి చూసింది.

నాకు భయం పోయి పిచ్చి కోపం వచ్చింది. జుట్టు వదలకుండానే కొరికించుకుంటున్న చేతిని విదిలించి, అదే చేత్తో చెంప మీద కొట్టాను. ఒకటి సరిపోక ఇంకోటి కొట్టాను.

"కొరుకుతవా ముసల్దానా, నిన్ను నేన్ ఇడువ" అని అరిచాను. అప్పటిదాకా ఎంత కొట్లాడినా నేనావిడను మీరు అనే అన్నాను.

కొట్టుకుంటూ, తిట్టుకుంటూ, జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాను. మా ఆయన మెట్ల మీద నుంచి ఎప్పుడు దూకాడో తెలియదు, పాదాలు రెండూ కోసుకుపోయి ఉన్నాయి. తేలుతున్న చీర కొంగు దొరకబుచ్చుకుని లాగాడు. ముగ్గురం ఇసుక మీద పడ్డాం. అత్తమ్మ నీళ్లు కక్కింది. నా పిడికిట్లో ఆవిడ తెల్లవెంట్రుకలు గుప్పెడున్నాయి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మా ఆయన రెండు చేతులతో ఇసుకను గుద్దుతూ ఏడ్చాడు. అత్తమ్మకు ఊపిరి తిరిగాక కొడుకుతో అన్న మొదటి మాట ఇది:

"నన్ను ముసల్దాన అన్నదిరా."

మా వెనక సముద్రం మళ్లీ ఏమీ ఎరగనట్టు పడుకుంది. దాన్ని చూస్తే నాకు రాయి తీసి కొట్టాలనిపించింది. కొట్టాను కూడా.

ఊళ్లో డాక్టరు ఆవిడ నుదుటికీ నా మణికట్టుకూ కుట్లు వేశాడు. ఇంటికొచ్చాక అత్తమ్మ కథ మొదలుపెట్టింది. గుళ్లో, పాల బూత్ దగ్గర, బర్కత్‌పురలో ఉన్న ఆవిడ చెల్లెలింట్లో, కోడలు జుట్టు పట్టి ఈడ్చిన సంగతీ చెంపలు వాయించిన సంగతీ చెప్పింది. కొరికిన సంగతి ఎక్కడా చెప్పలేదు. వాళ్లు నన్ను చూసే చూపు మారింది. నాకు లోపల ఉడికిపోయేది. ప్రాణం పెట్టి లాగితే కొరికింది, పైగా ఊరంతా చాటుతోంది. సచ్చేముందు కూడా నా మీద కసి తీర్చుకుంది అనుకున్నాను. ఆ మాట మనసులో పెట్టుకుని చాలా నెలలు ఆవిడకు అన్నం వడ్డించాను.

ఒక ఆదివారం మళ్లీ పచ్చిపులుసు దగ్గరే అంటుకుంది. ఈసారి నేను ఆపుకోలేదు.

"నీళ్లల్లకెల్లి గుంజుకొస్తె నా చెయ్యి కొరికిన్రు. పాముకన్న ఉంటదేమో గుణం" అన్నాను.

అత్తమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఇడుస్తవని కొరికిన."

నాకు అర్థం కాలేదు. ఏందని అడిగాను.

"చీర కాళ్లకు సుట్టుకున్నది, లేస్తలేను. నా బరువుకు నువ్వు గూడ వస్తున్నవు లోపలికి. ఇద్దరం పోతె ఇంట్ల పిల్లగాండ్లకు వండేదెవరు, నీ మొగడా? వానికి గుడ్డు ఉడకపెట్టరాదు. చెప్దామంటె నోట్ల నీళ్లు. కొరికితెనన్న ఇడుస్తవనుకున్న" అంది. ఇంకో కాయ అందుకుంటూ, "నీకు మొండితనమెక్కువ, మీ అవ్వ లెక్క" అని కలిపింది.

నా చేతిలో సొట్ట చెంబు ఉంది. దాన్ని ఎత్తి నేలకేసి కొట్టాను. ఏడుపు గొంతు చించుకుని వచ్చింది, ఆపుదామంటే ఆగలేదు.

"ఇంకోపారి నన్ను గట్ల పొమ్మంటె నీ పండ్లన్ని రాలగొడ్త" అన్నాను ఏడుస్తూనే.

పైన పిల్లలు నేల తట్టారు. అత్తమ్మ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్లి మెడ పైకెత్తింది.

"కొట్లాడ్తలేం బిడ్డా, చదువుకోన్రి" అంది.