నర్సన్న ఎడమ చెయ్యి

"నీ చెయ్యి సంగతి నా నోట్లకెల్లి బయటికి రాదు నర్సిగా. పట్నం టీంకు పోయేది నువ్వే."

1949 ఎండాకాలంలో మా టీం కెప్టెన్ ఇచ్చిన మాట ఇది. నిన్న పొద్దున ఫోన్ రాగానే నాకు గుర్తొచ్చింది ఇదే.

మా గోల్‌కీపర్ నర్సన్న ఇక లేడు.

తర్వాత వాట్సాప్ గ్రూప్ తెరిస్తే, ఆ కెప్టెన్ మనవడి పోస్ట్. "మా తాతగారి ప్రాణమిత్రుడు, లెజెండ్" అట.

అందుకే రాస్తున్నాను. తొంభై దాటినవాణ్ణి, ఇంకెవరికి భయపడాలి?

మాది మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఫుట్‌బాల్ టీం. నర్సన్నకు జీతం ఆట కోసమే. ప్రాక్టీస్ మాత్రం వడ్లు ఆరబోసే గచ్చు మీద. అందుకే అతను డైవ్ చేసేవాడు కాదు. నిలబడే ఎగిరి, పిడికిలితో బంతిని కొట్టేవాడు.

"దుంకు నర్సిగా!" అని అరిచేవాళ్లు.

"ముందుగాల నువ్వు గచ్చు మీద దుంకి సూపియ్యి. పండ్లు మిగిల్తె నేను దుంకుత!"

అప్పటి రూల్స్‌లో బంతి పట్టుకున్న కీపర్‌ను భుజంతో గుద్దినా తప్పు కాదు. సూర్యాపేట సెమీఫైనల్లో అలాగే గుద్దారు. నర్సన్న ఎడమ భుజం జారింది. కట్టు కట్టించినా చెయ్యి భుజం దాటి లేవలేదు.

కోదాడ ఫైనల్‌కు హైదరాబాద్ నుంచి సెలక్టర్లు వస్తున్నారు. నేను లెఫ్ట్ బ్యాక్‌ని. ఆ వైపు ఎత్తుగా వచ్చే బంతిని నేను తలతో ఆపాలి. చెయ్యి సంగతి తెలిసింది నర్సన్నకు, నాకు, కెప్టెన్‌కు మాత్రమే. అప్పుడే కెప్టెన్ ఆ మాట ఇచ్చాడు.

ఫైనల్ మొదలైంది.

"ఎడం పక్క పైకి కొట్టరా! ఆ చెయ్యి లేవదు!" కోదాడ వాళ్ల అరుపు.

ఎన్ని బంతులకని నేను అడ్డుపడను? ఓడిపోయాం.

మ్యాచ్ అయ్యాక వాళ్ల ఫార్వర్డ్ కాలర్ పట్టుకున్నాను.

"నన్ను పట్టుకుంటారేంటండీ? మీ కెప్టెనే చెప్పాడు!"

ఆ తర్వాతి వారం కెప్టెన్ బామ్మర్ది కీపర్‌గా సెలక్షన్‌కు వెళ్లాడు. ఒంటి మీద నర్సన్న గోల్‌కీపర్ స్వెటర్. కెప్టెనే అడిగి తీసుకున్నాడు.

"ఎట్ల ఇయ్యబుద్ధయిందే అన్నా?" అని అడిగాను.

"ఉతకకుంటనే ఇచ్చిన తమ్మీ. నా శెమట వాసనకైన బంతి ఆని చేతికి వస్తదేమో సూద్దాం."

అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.

మిల్లువాళ్లు నర్సన్నను గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చోబెట్టారు. అక్కడే రిటైరయ్యాడు. ఆ కెప్టెన్ పేరు మీద మాత్రం ఏటా టోర్నమెంట్, కప్పు, ఫ్లెక్సీలు. ఒక్క ఏడాదైనా నర్సన్నను పిలవలేదు. ఇప్పుడు లెజెండ్ అయ్యాడా?

ఇన్ని పుస్తకాలు చదివాను. క్షమించడం గురించి అందరూ బాగానే రాశారు. నాకు వంటబట్టలేదు.

పోయి రా నర్సన్నా. నిన్నెవరూ గుద్దని చోట, ప్రశాంతంగా ఉండు.

నీ ఆటను చంపినవాడి పేరు నువ్వు ఏనాడూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. నేను ఎత్తుతున్నాను.

మా కెప్టెన్ మాధవరావు.