నక్క వెనకాల చూసిన మనిషి

మా మరిది పోయాడు. మొన్న మంగళవారం పొద్దున్నే రేంజ్‌లో అతనితో పనిచేసే మలయాళీ ఆయన ఫోను చేశాడు. ఆ వేళప్పుడు నాకు ఫోను చేసేది ఏదో ఒకటి అంటగట్టాలని చూసేవాళ్లే కాబట్టి కాస్త కటువుగానే ఎత్తాను. "మేడమ్, భాయ్ నహీ రహే," అన్నాడు. టీ కప్పు ముందు పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి వాలిపోయాడట. గుండె. అతనికి అరవై నాలుగేళ్లు, నాకు డెబ్బై ఒకటి. వరసలో నన్ను దాటుకుని ముందుకు దూరడం అతని జీవితంలో అదే మొదటిసారి.

పేరు రాయడం లేదు. నలభై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు, పోయాక కొత్తగా మొదలుపెట్టను. మస్కట్ తెలుగువాళ్లు చాలామంది అతన్ని చూసే ఉంటారు. ఉగాది భోజనాలయ్యాక ఎవరూ అడక్కుండానే గిన్నెలెత్తే సన్నటి పొడుగాటి మనిషి. ఏం చేస్తుంటావని అడిగితే "రేంజ్‌ల డ్యూటీ" అనేవాడు. ఏం డ్యూటీ అని రెట్టిస్తే "సామాన్లు చూస్తం" అనేవాడు. ఆ సామాన్లు తుపాకులని చాలామందికి తెలియదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లేనాటికి అతను పదో తరగతి సైన్సులో రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. బియ్యెస్సీ చదివిన కోడలు దొరికింది కదాని మా అత్తగారు అతన్ని నాకు అప్పగించారు. త్రాసు పట్టుకోవడం నేను నేర్పిందే. సరిగ్గా ముప్ఫై అయిదు మార్కులతో పాసయ్యాడు. సిగ్గులేదా అని అడిగితే, "కావల్సినంతనే తూచిన వదినా," అన్నాడు.

తర్వాత మా వారి వెనకే ఒమాన్ వచ్చాడు. నేను ఇక్కడ బడిలో ఫిజిక్స్ చెబుతుంటే అతను షూటింగ్ రేంజ్‌లో తూటాలు కట్టడం నేర్చుకున్నాడు. కాగితాల మీద గురి చూసుకునే పెద్దమనుషుల కోసం ఒక్కో తూటా చేత్తో తయారుచేయడం అతని పని. వాడేసిన ఇత్తడి గొట్టాలు తుడవాలి, మెడ దగ్గర పగులుందేమో భూతద్దంతో చూడాలి, మందు తూచి పోయాలి, పైన గుండు కూర్చాలి. "షాపుల దొరికేది రెడీమేడ్ అంగీ. ఇది ఆ తుపాకీ కొలత తీసుకుని కుట్టింది," అనేవాడు. మత్రా బజారులో ఒక గుజరాతీ కొట్టు నుంచి కంసాలి త్రాసు తెచ్చి రూములో పెట్టుకున్నాడు. నేను పంపిన ఆవకాయలో ఉప్పును అది తూచలేదు కాబట్టి నాలుకతోనే తూచి, "చిటికెడు ఎక్కువైంది వదినా," అని ఫోను చేసేవాడు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. నిజానికి ఎక్కువే అయ్యేది.

అన్ని తూటాలు కట్టినవాడు ఒక్క ప్రాణి మీద కూడా పేల్చలేదు. ప్రాణి మీదికి తూటా కట్టమని అతన్ని అడిగింది కూడా, నాకు తెలిసి, ఒక్కసారే. ఆ కథే చెప్పాలని కూర్చున్నాను.

రేంజ్ నడిపే అర్బాబ్‌కు, అంటే యజమానికి, రుస్తాక్ వైపు కొండల కింద ఖర్జూరం తోటా మేకల దొడ్డీ ఉన్నాయి. మంచివాడే. కోపం తొందరగా వస్తుంది, పోవడానికి మాత్రం తీరిక చూసుకుంటుంది. నాలుగేళ్ల కిందట చలికాలంలో ఆ దొడ్డికి ఒక నక్క మరిగింది. నెల తిరిగేసరికి అయిదు మేకపిల్లలు పోయాయి. మేకలు చూసుకునే లింగన్నది నిర్మల్ దగ్గర పల్లెటూరు. దొడ్డి వెనక రేకుల రూములో ఇంకో ముగ్గురితో ఉండేవాడు. ఇంకొక్క పిల్ల పోతే వీసా రద్దుచేసి ఇంటికి పంపిస్తానని అర్బాబ్ అతనికి చెప్పేశాడు.

నక్కను కాల్చడానికి అర్బాబ్ కావలసిన అనుమతులన్నీ తెచ్చుకుని, కొత్తగా కొన్న పెద్ద రైఫిల్ తెచ్చి మా మరిది ముందు పెట్టాడు. ఎక్కడో దూరాన ఉన్న పెద్ద జంతువును పడగొట్టడానికి చేసినది. దీనికి బలమైన తూటాలు కట్టమన్నాడు. మా మరిది దాన్ని ముట్టుకోలేదు. ముందు తోట చూస్తానన్నాడు.

తోటకు వెళ్లి ఏం చూశాడో లింగన్న తర్వాత నాకు చెప్పి నవ్వాడు. నక్క అడుగుజాడలు చూడలేదు, తెగిన కంచె చూడలేదు. అర్బాబ్ ఎక్కడ కూర్చుని కాలుస్తాడో అక్కడ నిలబడ్డాడు. అక్కణ్నుంచి నక్క వచ్చే చోటు వైపు అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. అక్కడ ఆగలేదు. అలాగే తిన్నగా నడుస్తూ పోయాడు, రేకుల గోడ చేతికి తగిలేదాకా. లోపల లింగన్న బియ్యం కడుగుతున్నాడు.

"ఎన్నింటికి లేస్తరే మీరు?"

"నాలుగున్నరకు. ఎందుకు కాకా?"

"తల ఎటు పెట్టి పంటరు?"

"ఏందే, మా రూముకు వాస్తు చూస్తున్నవా?"

"చూస్తున్న."

వెనక్కి వచ్చి అర్బాబ్‌కు తనకొచ్చిన హిందీలో చెప్పాడు. ఈ గుండు నక్కలోంచి దూసుకుపోయాక కూడా ఆగదు. కింద అంతా రాయి. రాయికి తగిలి లేచిందంటే ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. అటు నలుగురు పడుకుంటారు. ఈ రైఫిల్‌కి నేను తూటాలు కట్టను.

"మాఫీ ముష్కిల్, ఏం ఫరవాలేదు. నా గురి తప్పదు," అన్నాడు అర్బాబ్.

"మీ గురి తప్పదు అర్బాబ్. గుండు ఆగదు."

"కలాస్," అని అర్బాబ్ ముఖం తిప్పుకున్నాడు. ఇక మాట్లాడేది లేదని. పది రోజులు నిజంగానే మాట్లాడలేదు. మా మరిది వీసా రెన్యువల్ కాగితాలు సంతకం లేకుండా ఆయన బల్ల మీదే ఉండిపోయాయి.

ఆ పది రోజుల్లోనే ఆరో మేకపిల్ల పోయింది. ఆ శుక్రవారం మా మరిది ఖురంలో మా ఇంటికి భోజనానికి వచ్చాడు. కూర్చున్నాడో లేదో లింగన్న ఫోను. నేనే స్పీకరు నొక్కాను.

"కాకా, నీ కాళ్లు మొక్కుత. కట్టియ్యరాదే! ఆయన కాల్చేది నక్కను గని నన్ను కాదు గద. వచ్చే నెల పంపిస్త అంటున్నడు. ఇంటికాడ స్లాబు సుత పడలే. ఏం మొఖం పెట్టుకొని పోవాలె?"

"చూస్త తియ్," అన్నాడు ఇతను.

చెప్పడానికి సిగ్గే గాని, నేను లింగన్న పక్షం చేరాను. కాగితం తీసి బొమ్మ గీశాను. ఇక్కడ తుపాకీ, ఇక్కడ నక్క, అక్కడ రూము, గోడ వెడల్పు ఇంత, కోణం ఇంత.

"లెక్క ప్రకారం అటు తగలడమన్నది లేనట్టే. దానికోసం ఉన్న ఉద్యోగాలు ఊడగొడతావా? వాడిదీ, నీదీ? ఎవరి ప్రాణం కాపాడుతున్నానంటున్నావో ఆ మనిషే వద్దు మొర్రో అంటుంటే నీకెందుకయ్యా ఇంత పట్టుదల?"

అతను ఆ కాగితాన్ని పదో తరగతిలో చూసినట్టే చాలాసేపు చూశాడు.

"లెక్క కరెక్టే ఉన్నది వదినా. కని, వాళ్లు తల ఎటు పెట్టి పంటరో నువ్విందుల రాయలే."

ముప్ఫై ఏళ్లు ఇతరులకు మార్కులు వేసినదాన్ని. నాకు సున్నా వచ్చిన రోజు అది. వేసినవాడు సాంబారు కలుపుకుని తింటున్నాడు.

నేను తేరుకుని, "అయితే నోటితో చెప్పడం మానెయ్. ఆయనకు చూపించు. ప్రయోగం చెయ్యి," అన్నాను. మా అమ్మాయి ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె నేనే ఇచ్చాను. ఈ కథలో నేను చేసిన మంచిపని అదొక్కటే కాబట్టి రాసుకుంటున్నాను.

తోటలోని రాళ్లనే పికప్‌లో వేసుకొచ్చి రేంజ్‌లో పరిచాడు. నక్కకీ రూముకీ మధ్య ఎన్ని అడుగులో అన్ని అడుగుల వెనక ఆ అట్ట నిలబెట్టి, దాని మీద బొగ్గుతో తలుపూ కిటికీ గీశాడు. ఫలితం చూడ్డానికి నేనూ వెళ్లాను. అర్బాబ్ ముభావంగానే వచ్చాడు గాని, తుపాకీ పేల్చమంటే కాదనే మనిషి కాదు. ఈ పరీక్షకని ఇతను కట్టిచ్చిన మూడు తూటాలూ పెద్ద రైఫిల్‌తో రాళ్ల మీదికి కాల్చాడు. అట్ట దగ్గరికి నడిచి వెళ్లాం. కిటికీ పక్కన వేలు పొడుగున ఒక చీలిక. గుండు రాయికి తగిలి పల్టీలు కొడుతూ వచ్చి అడ్డంగా కోసింది.

అర్బాబ్ ఆ చీలికలో వేలు పెట్టి చూశాడు.

"రూమ్?"

"రూమే, అర్బాబ్."

తర్వాత చిన్న రైఫిల్. టూ టూ త్రీ అంటారట. దానికి ఇతను ఎంచిన గుండు చాలా తేలిక, పైన రాగి తొడుగు ఉల్లిపొర మాదిరి. రాయికి తాకితే పిండి అయిపోతుంది. అర్బాబ్ మూడుసార్లు కాల్చాడు. అట్టకు కొత్తగా చిల్లు పడలేదు. నేను చప్పట్లు కొట్టాను. మా మరిది మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"పగుల్తది వదినా. ఒకనాడు పగలకపోతె? తోటల నీళ్ల ట్యాంకు ఎక్కి కిందికి కాల్చాలె. అప్పుడు తప్పినా మన్నులకే పోతది."

అర్బాబ్ ఆ పూటే వీసా కాగితాల మీద సంతకం పెట్టాడు. లింగన్నను పంపే మాట మళ్లీ ఎత్తలేదు. ఇతను ఇంకో రెండు వారాలు తూటాలు కడుతూనే ఉన్నాడు. అయిదేసి కట్టేవాడు, కాగితం మీద కాల్పించి చూసేవాడు. అయిదు చిల్లులూ ఒమాన్ యాభై బైసల నాణెం కింద దాక్కుంటేనే ఆ జట్టు ఉంచేవాడు. ఒక జట్టు మిగతా వాటికన్నా వేగంగా వెళ్లింది. అర్బాబ్‌కి అదే నచ్చింది. ఇతను దాన్ని పక్కన పెట్టేశాడు. "మస్తు ఉరికేది కాదు వదినా, రోజూ ఒక్కతీర్గ ఉరికేది గావాలె," అన్నాడు. మనుషుల విషయంలో కూడా అతని లెక్క ఇదేనని నాకు అనుమానం. నేను మొదటి రకం.

ఆ నక్క తర్వాత దొరికింది, ఒక్క గుండుకే, బాధ తెలియకుండా. అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. నా మనసులో నిలిచిపోయింది అది కాదు, దానికి ముందు శుక్రవారం.

ముందురోజే మేమంతా తోటకు వెళ్లాం. తెల్లవారుజామున నమాజు అయ్యాక అర్బాబ్, మా మరిది ట్యాంకు ఎక్కారు. నేను శాలువా కప్పుకుని కింద కుర్చీలో కూర్చున్నాను, దగ్గకూడదన్న షరతు మీద. రూములో నలుగురినీ అవతలి పక్క పంపుసెట్టు గదికి పంపేశారు. మా మరిది తానే రేకుల తలుపు తీసి, లోపల ఎవరూ లేరని చూసి వచ్చాడు.

కొండ అంచు తెల్లబడింది. నక్క రోజూ వచ్చే దారిన రాలేదు. రూము గోడ వెంట వచ్చి, సరిగ్గా తలుపు ముందు రాళ్ల మీద ఆగింది. రూము ఖాళీ, గుండు పోయేది కిందికి. మా మరిది సరేనన్నట్టు తల ఊపాడట. అర్బాబ్ కాల్చాడు. తప్పింది. నక్క కాళ్ల పక్కన గుప్పెడు దుమ్ము లేచింది, నక్క కొండ వైపు మాయమైంది. అంతే.

అప్పుడు కిర్రుమని రేకుల తలుపు తెరుచుకుంది.

నోట్లో బ్రష్‌తో లింగన్న. బ్రష్ మరిచిపోయానని వెనక తలుపులోంచి రూములో దూరాడట.

మా మరిది ట్యాంకు నిచ్చెన ఎలా దిగాడో నాకు తెలియదు. అతను పరుగెత్తడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. నక్క పోయిన వైపు కాదు, తలుపు వైపు పరుగెత్తాడు. నేనూ కుర్చీ వదిలేసి వెనకే వెళ్లాను. రేకు గోడంతా అరచేత్తో తడిమాడు, కింది నుంచి పైదాకా. ఎక్కడా చిల్లు లేదు. తర్వాత లింగన్నను రెండు భుజాలూ పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వీపు చూశాడు, మళ్లీ ముందు చూశాడు.

లింగన్న నురగ పక్కకి ఉమ్మి అడిగాడు.

"తగిలిందానే కాకా?"

"లే... లేదురా. తగలలే."

ఆ తడబాటు విని, గురి తప్పినందుకు బాధపడుతున్నాడనుకున్నాడు లింగన్న. బ్రష్ చేతిలోకి తీసుకుని, రెండో చేత్తో మా మరిది వీపు నిమరడం మొదలుపెట్టాడు. "పోనియ్ కాకా, రేపు తగుల్తది తియ్," అంటూ నిమురుతూనే ఉన్నాడు. వాళ్లిద్దరి వెనక రేకు గోడ మీదికి ఎండ అప్పుడే ఎక్కుతోంది. పంటి పేస్టు నురగ మా మరిది చొక్కా మీద పడుతోంది. అతను మాత్రం ఆ భుజాల మీంచి చేతులు తీయలేదు.