నాయనమ్మ తన మీద వేసుకున్న నింద

నా చిన్నప్పుడు మా వాడలో ఎవరికి కాన్పైనా పసిబిడ్డకు నీళ్లు పోయడానికి మా నాయనమ్మే పోవాలి. పీట మీద కూర్చుని, చాపిన కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని, నూనె రాసి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి తల్లికి అందించేది. మాది బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న ఊరు. అందరి పిల్లలకూ నీళ్లు పోసే మనిషి ఇంట్లోనే పిల్లలు నిలవకపోవడం ఊరికి పెద్ద వింత.

నా వెనక పుట్టిన తమ్ముడు నడక రాకముందే వాంతులు, విరేచనాలు పట్టుకుని పోయాడు. ఆ తర్వాత పుట్టినవాడికీ అదే వచ్చింది. భద్రాచలం దవాఖానాలో సెలైన్ ఎక్కించి ఎలాగో నిలబెట్టారు కానీ, ఇంటికి తెచ్చిన కొన్నాళ్లకే మళ్లీ మొదలైంది. అదే బావి నీళ్లు తాగి నేను దుక్కలా ఉన్నాను. పక్కింటి అక్క పిల్లలూ అంతే. ఇంకేం, తప్పంతా మా అమ్మ పాలదే అన్నారు. మా వాడ నోళ్లకు తీరిక ఎక్కువ. అమ్మ బావి దగ్గరికి వస్తే చంటిపిల్లల మీద కొంగు కప్పుకునేవారు. పక్కింటి అక్క నన్ను కూడా తన గడప దాటనిచ్చేది కాదు. అమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా పని చేసుకుంటూ పోయేది. పోనుపోను నాతో కూడా మాటలు తగ్గించింది. ఇంటినిండా మనుషులున్నా నాకు ఎవరూ లేనట్టే ఉండేది.

ఒక సాయంత్రం నాన్న తరఫు పెద్దలు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. అమ్మను పుట్టింటికి పంపేసి, నాన్నకు వేరే సంబంధం చూద్దామన్నది వాళ్ల మాట. నాన్న లేచి వాళ్లకు మంచినీళ్లు తెచ్చిపెట్టాడు. తలుపు వెనక అమ్మ తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని అన్నీ వింటోంది. నేను ఆమె కొంగు పట్టుకుని కూర్చున్నాను. పోయేటప్పుడు నన్ను తీసుకుపోతుందా, వదిలేస్తుందా అన్నదే నా భయం.

అప్పుడు నాయనమ్మ బయటికి వచ్చింది.

"కోడల్ని పంపుడు లేదు" అంది. "నా తోడబుట్టినోళ్లు ఇద్దరు గిట్లనే బేదులై పోయిన్రు. నా కడుపున పుట్టినోడు ఒకడు గట్లనే పోయిండు. జ్వరమొచ్చి పోయిండని మీకు అబద్ధం చెప్పిన. మిగిలినోళ్లం గదే బాయి నీళ్లు తాగి బతికినం. గిది నా పుట్టింటి నెత్తుట్ల నుంచి వచ్చింది. దాని పాలల్ల ఏం లేదు."

"మరి మొదటోడు పోయిననాడు ఎందుకు చెప్పలే?" అని అడిగాడు ఒక పెద్దాయన.

"భయమైంది. చెప్తే పిల్లలకు నీళ్లు పొయ్యనీకి నన్ను ఎవరు పిలుస్తరు ఇగ?"

ఆమె భయపడినట్టే అయింది. అమ్మ ఇంట్లోనే ఉంది, తమ్ముడు మళ్లీ దవాఖానాకు పోయి బతికి వచ్చాడు, కానీ నాయనమ్మను పిలిచేవాళ్లు లేకుండా పోయారు. పక్కింటి అక్కకు కాన్పైతే వేరే వాడ నుంచి ఎవరినో తెచ్చుకున్నారు. గోడ అవతల ఆ బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, ఇవతల నాయనమ్మ "నీళ్లు వేడెక్కువైనయ్" అని తనలో తాను అనుకునేది. ఆ మరుసటి ఏడు మా చెల్లి పుట్టింది. అమ్మ ఎవరినీ అడగలేదు, బిడ్డను తెచ్చి నాయనమ్మ కాళ్ల మీద పడుకోబెట్టి వెళ్లి నీళ్లు కాచింది.

మొన్న నా మనవరాలికి విరేచనాలైతే ఖమ్మంలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఒకే నీళ్లు తాగినా కొందరు పిల్లలు తొందరగా జబ్బు పడతారని, ఆ గుణం తల్లి నుంచో తండ్రి నుంచో పుట్టుకతోనే రావచ్చని, అలాగని నీళ్లు కాచి తాగించడం మానొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆమె వచ్చి ఈ మాటలు చెప్పకముందే, వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డ మా కోడలి దగ్గరికి నేను పోయాను.

"ఇది మా పుట్టింటి దిక్కు నుంచి వస్తున్నది బిడ్డా. నీ తప్పేం లేదు" అన్నాను.

అప్పటికి ఆ పిల్లను ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.