గ్రీన్‌రూమ్ ఫొటోకి బంతిపూల దండ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని నా గట్టి నమ్మకం. ఎమ్మెస్ చదవడానికి జెర్సీ సిటీలో దిగి నాలుగు నెలలు కూడా కాలేదు, అప్పుడే అమెరికా వాళ్లకి ఏమేం తెలియదో గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలిగే స్థితికి వచ్చేశాను. (గిన్నెలు తోమే లిక్విడ్ వాషింగ్ మెషీన్‌లో పోసి, అపార్ట్‌మెంట్ లాండ్రీ రూమంతా నురగ చేసింది కూడా ఆ నెలల్లోనే.)

యూనివర్సిటీ థియేటర్‌లో నాకు పార్ట్‌టైమ్ పని దొరికింది. స్టూడెంట్ వీసా మీద క్యాంపస్ బయట పనిచేయకూడదు, లోపలేమో ఒక్కో పనికి పదిమంది కాచుక్కూర్చునేవారు. అందుకని ఆ ఉద్యోగాన్ని కళ్లకద్దుకుని చేసేవాణ్ణి. ఒకరోజు మా మేనేజరమ్మ నలుపు తెలుపు ఫొటో ఒకటి ఇచ్చి, "రేపు పాత నాటకాల ఎగ్జిబిషన్. దీన్ని గుమ్మం దగ్గర పెట్టి, కాస్త అందంగా అలంకరించు," అంది. గ్రీన్‌రూమ్‌లో తీసిన ఫొటో అది. సగం మేకప్‌తో హీరోయిన్ అద్దం ముందు కూర్చుంది. సూటు వేసుకున్న ప్రొడ్యూసర్ ఆవిడకి టీ కప్పు అందిస్తూ ఏదో అంటున్నాడు, ఆవిడ నవ్వుతోంది. ప్రొడ్యూసర్ ఎప్పుడో పోయాడని వెనకాల రాసి ఉంది. ఆవిడ సంగతి రాయలేదు. ఇంత పాత ఫొటోలో వాళ్లు ఇంకా ఎక్కడుంటార్లే అని నేనే తేల్చేసి, ఇండియన్ స్టోర్ నుంచి బంతిపూల దండ తెచ్చి ఫ్రేము మొత్తానికి వేశాను. ఫైర్ అలారం మోగుతుందని అగరొత్తులు మాత్రం వెలిగించలేదు (ఆపాటి తెలివి ఉండేది). మేనేజరమ్మ మురిసిపోయింది.

మర్నాడు సాయంత్రం చేతికర్రతో ఒక ముసలావిడ వచ్చింది. "ఈవిడే మన హీరోయిన్," అని మేనేజరమ్మ పరిచయం చేసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ దండ చూసి తెగ ముచ్చటపడి, ఎవరి ఆలోచన అని అడిగింది. మేనేజరమ్మ నన్ను ముందుకు తోసింది. నేను థాంక్యూ అన్నాను. కథ అక్కడితో ఆగిపోయేదే. కానీ నన్ను పికప్ చేసుకోవడానికి మా రూమ్మేట్ వచ్చాడు. వరంగల్ వాడు, మర్యాదలెక్కువ, అందుకే అందరం వాణ్ణి పెద్దాయన అనేవాళ్లం. ఫొటో చూడగానే బూట్లు విప్పి దండం పెట్టాడు. తిన్నగా మేనేజరమ్మ దగ్గరికెళ్లి, "వెరీ సారీ అండీ. ఇద్దరూ ఒకేసారి పోయారా, యాక్సిడెంటా?" అని ఇంగ్లీషులో పరామర్శించాడు. అప్పుడు పక్కనున్న ముసలావిడ మొహం కనబడింది వాడికి. గిర్రున నా వైపు తిరిగి తెలుగులోకి దిగాడు.

"అరే, ఫొటోల ఉన్నది ఈమెనే గద. బతికున్నామెకు దండేసినవా రా?"

"మెల్లిగా మాట్లాడు. జాబ్ పోతుంది నాకు."

"పోతే పోనీ. ముందు సారీ చెప్పు, పెద్దమనిషి ఆమె."

ముసలావిడ ఏమిటని అడిగింది. మా వైపు పోయినవాళ్ల ఫొటోలకే దండ వేస్తారని తల వంచుకుని చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చేసింది. మేనేజరమ్మ మొహం పాలిపోయింది. ఆవిడ మాత్రం పకపకా నవ్వి, "నాకింకా టైముంది బాబూ," అని, దండ తీసి రెండు పేటలుగా మడిచి, ఫ్రేములో ప్రొడ్యూసర్ ఉన్న వైపు మూలకి తగిలించింది.

"ఈయన పోయిన రోజు వేరే ఊళ్లో నాకు షో ఉంది. ఏం జరిగినా షో ఆపకూడదని నేర్పింది ఈయనే. అందుకని ఆఖరిచూపుకి కూడా వెళ్లలేదు. ఒక్క పువ్వు కూడా పెట్టలేదు," అంది.

నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. కానీ ఆ సంగతి నాకు సోమవారం దాకా తెలియదు. అందుకని ఆ గుమ్మం దగ్గర ఇద్దరం పక్కపక్కన నిలబడి కళ్లు తుడుచుకున్నాం, ఆవిడ ఆ మనిషి కోసం, నేను వారానికి ఇరవై గంటల పని కోసం. ఇద్దరిలో పెద్ద కష్టం నాదేనని అప్పుడు మనస్ఫూర్తిగా నమ్మాను.