తప్పు లేని వీడియో

లోకులు ఫోన్లలోంచి నెట్‌లోకి ఎక్కించే పాడు వీడియోలను ఏరి పారేయడమే ఆ కోడలి ఉద్యోగం. రోజంతా రెప్ప లేని చేపలా తెర ముందు కూర్చుంటుంది. రక్తం కనబడినా, బూతు కనబడినా ఎర్ర మీట. ఏదీ లేకపోతే పచ్చ మీట. ఇంట్లో అన్నం తింటున్నా ఆ మాయదారి బొటనవేలు ఊరుకోదు, కంచం అంచును నొక్కుతూనే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం తెర మీద ఒక ముసలామె వీపు కనబడింది, తల దువ్వుకుంటోంది. వేలు అలవాటుగా పచ్చ మీట నొక్కేసింది. నొక్కాక గుర్తుపట్టింది: ఆ పళ్ళు విరిగిన దువ్వెన అత్తగారిది, ఆ గోడ తమ ఇంటిది. పగలు ఆ ఇంట్లో అత్తగారు తప్ప పురుగు కూడా ఉండదు. మరి తీసిందెవరు? పరుగెత్తి పై అధికారికి చెప్పింది. "ముసలావిడ తల దువ్వుకుంటే రూలు ప్రకారం తప్పేముందమ్మా? ఉండనీ" అన్నాడు, తల కూడా ఎత్తకుండా. కుర్చీలోకొచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరుంటారే? నేనూ, నా నాలుగు వెంట్రుకలూ."

"ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి."

"చూశాను. ఎవరూ లేరు. నీకేమైనా పిచ్చా?"

అప్పుడే తెర మీదికి తర్వాతి వీడియో వచ్చింది. చెవికి ఫోన్ పెట్టుకున్న అత్తగారు, వెనక్కి తిరిగి, తిన్నగా ఇటే చూస్తోంది. రక్తం లేదు, బూతు లేదు. బొటనవేలు అప్పటికే పచ్చ మీట మీద ఉంది.